నీళ్లు తగలనీయని రాయి

రాతి బొమ్మలకు తడిగుడ్డ తగలనీయని మనిషిగా మా మ్యూజియంలో నాకు గొప్ప పేరుండేది. ఊడ్చే ఆమె బకెట్ పట్టుకుని వరండాలో కాలు పెడితే చాలు, నేను ఏ గదిలో ఉన్నా నా గొంతు లేచేది. "రాళ్ల మీద నీళ్లు పోయరాదు" అని ఒక అట్టముక్క మీద నేనే రాసి గోడకు కొట్టించాను. పిల్లలను వెంటబెట్టుకొచ్చే లెక్చరర్లు అది చదివి, "మీకెంత శ్రద్ధ అమ్మా!" అని మెచ్చుకుని పోయేవారు. నేను తల వంచుకుని నవ్వేదాన్ని. సిగ్గులేనితనమంటే అదే మరి.

శ్రద్ధా లేదు, పాడూ లేదు. భయం. ఆ రాళ్లలో ఒకటి నేను విరగ్గొట్టి, ఎవరికీ చెప్పకుండా జిగురుతో అతికించినది. నీళ్లు తగిలితే ఆ అతుకు ఊడుతుందని పదకొండేళ్లు కాపలా కాశాను.

మాది పెద్ద మ్యూజియం కాదు. కరీంనగర్ బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక ట్రస్టు వాళ్ల పాత పెంకుటింట్లో నాలుగు గదులు, ఒక వరండా. లోపల వెండి తీగతో అల్లిన అత్తరు డబ్బాలు, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఇత్తడి గుర్రాలు, డోళ్లు, బొగ్గుగనిలో పనిచేసే ఒకాయన తెచ్చి ఇచ్చిన ఆకు అచ్చు పడిన రాయి. వరండాలో ఇరవై దాకా రాతి శిల్పాలు. నేను అక్కడ అటెండర్‌ని. అటెండర్ అని పేరే గానీ తాళాలు తీసేది నేనే, టికెట్లు చింపేది నేనే, దుమ్ము దులిపేది నేనే, వచ్చినవాళ్లకు ఇది ఫలానా కాలం నాటిది అని చెప్పేదీ నేనే.

ఆ రాళ్లలో ఒకటి వీరగల్లు. పోట్లాటలోనో, పశువుల మందను దొంగల నుంచి కాపాడబోయో చచ్చిపోయిన మనిషికి గుర్తుగా వెనకటి వాళ్లు పాతిన రాయి. సుల్తానాబాద్ అవతల ఒక చెరువులో పూడిక తీస్తుంటే బయటపడిందట. నా నడుమంత ఎత్తు. అందులో వీరుడు ఎడమ చేతిలో డాలు పట్టుకుని, కుడి చెయ్యి పైకెత్తి కత్తి దూసి ఉంటాడు. మొహం అరిగిపోయి ముక్కూ మూతీ తెలియవు గానీ ఆ నిలబడ్డ తీరులో మాత్రం మంచి పొగరుంటుంది. అందరిలోకీ అతనే నాకు ఇష్టం.

విరగ్గొట్టింది కూడా అతన్నే. ఒక ఎండాకాలం మధ్యాహ్నం వరండా ఫ్యానుకు పట్టిన దుమ్ము తుడుద్దామని ఇనుప నిచ్చెన వేశాను. దిగాక పక్కకు జరుపుతుంటే చెయ్యి జారింది. నిచ్చెన పోయి సూటిగా ఆ రాయి మూల మీద పడింది. కత్తి పట్టుకున్న చెయ్యి మోచేతి దగ్గర విరిగి, అరచెయ్యంత ముక్క నా కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఆ ముక్కను కొంగులో చుట్టుకుని ఏం చేశానో తెలుసా? టికెట్ల బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను.

నాది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి ఏడూ కాగితం మారాలి. ఇంట్లో నా జీతం మీదే పొయ్యి వెలిగే రోజులవి. మర్నాడు వడ్రంగులు వాడే తెల్ల జిగురు కొనుక్కొచ్చాను. పెరట్లో పడి ఉన్న బండముక్కను నూరి ఆ పొడి అందులో కలిపాను. రంగు తేలిపోతుంటే టీ డికాక్షన్ పోశాను. మొదటిసారి చెయ్యి వంకరగా కూర్చుంది. రెండోసారి ఊడింది. మూడోసారి కుదిరింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా, అబద్ధమెందుకు!

అప్పటినుంచి ఎండుగుడ్డ, మెత్తటి బ్రష్షు తప్ప ఇంకేదీ ఆ రాయి దగ్గరికి రానివ్వలేదు. ఒక్కదానికే అట్లా చేస్తే అనుమానం వస్తుందని అన్ని రాళ్లకూ అదే నియమం పెట్టాను. వానాకాలం జల్లు కొడితే ఇంటి నుంచి పరదాలు తెచ్చి కట్టేదాన్ని.

ఇట్లా నడుస్తుండగా ట్రస్టు వాళ్లు వేములవాడ రోడ్డు మీద కొత్త బిల్డింగు కట్టారు. సామానంతా అక్కడికి తరలించాలన్నారు. ట్రస్టు కార్యదర్శి నన్ను పిలిచి, "అన్నీ ఎట్లున్నయో గట్లనే పోవాలె. ఒక్క గీత పడొద్దు. మంచిగ పోయినయనుకో, కొత్త బిల్డింగుల ఇన్‌చార్జివి నువ్వే. ఏమన్న తేడా వచ్చిందనుకో, మల్ల నన్ను అనొద్దు" అన్నాడు. నేను తల ఊపాను. ఊపుతుంటే వీరుడి చెయ్యే కళ్ల ముందు కనిపించింది.

పని చేయించడానికి హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చింది. పాత వస్తువులను బాగుచేయడం చదువుకున్న అమ్మాయి. వయసు నా కూతురంత. నిక్కచ్చి మనిషి. గిన్నెను అంచు పట్టుకుని ఎత్తకూడదు, గుర్రాన్ని మెడ పట్టుకుని ఎత్తకూడదు, పసిబిడ్డను ఎత్తినట్టు ఒక చెయ్యి కిందనే ఉండాలి అని మొదటి రోజే నేర్పింది. ప్రతి వస్తువుకూ ఒక ఫారం. కొలతలు, నాలుగు వైపులా ఫొటోలు, ఎక్కడ పగులుందో ఎక్కడ పెచ్చు లేచిందో ఎర్ర పెన్సిల్‌తో గీసిన బొమ్మ. ఆ తర్వాతే ఫోమ్ షీటు, అట్టపెట్టె. చుట్టూ వరి పొలాలున్న ఊళ్లో ఉన్నాం కదా, గడ్డి పరుద్దామని నేనంటే, "గడ్డిలో పురుగులుంటాయమ్మా, వద్దు" అంది. ఇంట్లోంచి పాత నూలు చీరలు ఉతికి తెస్తే మాత్రం సంతోషంగా తీసుకుంది. ఒక ఇత్తడి గుర్రం నా పెళ్లినాటి చీర చుట్టుకుని పోయింది.

నిజం చెప్పొద్దూ, ఆ రెండు వారాలు నాకు పండగలాగే గడిచాయి. ఇన్నేళ్లు అద్దాల అవతల నుంచి చూసిన వాటిని చేతుల్లోకి తీసుకున్నాను. అత్తరు డబ్బా మూత తీస్తే ఇంకా వాసన ఉన్నట్టే అనిపించింది. కానీ రోజూ సాయంత్రం ఫారాల కట్టలో ఇంకెన్ని మిగిలాయో లెక్కపెట్టుకునేదాన్ని. రాళ్ల వంతు ఎప్పుడొస్తుందో! "వరండా చీకటి. రాళ్లు కదిలించే రోజున బయట వెలుతురులో పెట్టి రాస్తాను" అంది మేడం. ఆమె దగ్గర భూతద్దం ఉంది. నా టీ డికాక్షన్ దాని ముందు ఏం నిలుస్తుంది?

రాళ్లు కదిలించడానికి ఒక గ్రానైటు యార్డు నుంచి ఉస్తాద్‌ను, అంటే బండలు లేపే పెద్ద మేస్త్రీని పిలిపించారు. అరవై దాటిన మనిషి. తెల్లగడ్డం, తల మీద రుమాలు, అరచేతులు చూస్తే అవే రెండు బండల్లా ఉండేవి. వెంట నలుగురు పనివాళ్లు. ముందురోజే వచ్చి ప్రతి రాయినీ చుట్టూ తిరిగి చూశాడు. వేలితో తట్టి చెవి పెట్టి విన్నాడు.

"చెల్లె, జర ఫికర్ జేయకు," అన్నాడు నాతో. "నలభై ఏండ్ల సంది గిదే పని. నా చేతుల రాయి పగిలిందని గియ్యాల్టిదాంక ఎవ్వడు అనలే."

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో ఎంత గర్వముందో నాకింకా గుర్తు.

"ఒక్క మాట," అన్నాడు మళ్లీ. "రేపు లేపేముందుగాల నీళ్లు పొయ్యాలె. నీళ్లు పోసి ఎండకు పెడితే మంచి రాయి జల్ది ఆరుతది. పగులున్న కాడ తడి లోపల ఆగి నల్లగ గీత కనవడ్తది. మా యార్డుల గది చూడకుండ ఏ బండా లేపం."

నా పైప్రాణాలు పైనే పోయాయి. "ఇవి నీ గ్రానైటు బండలు కావు భాయ్! నీళ్ల చుక్క పడొద్దు! గోడ మీద రాసింది కనవడ్తలేదా?" అని అరిచాను. పాపం, అతను బిత్తరపోయి, "సరే చెల్లె, సరే" అని తల ఊపి పోయాడు.

మర్నాడు సోమవారం. వేములవాడ రాజన్న దర్శనానికి పోయే జనంతో బస్టాండు రోడ్డంతా నిండిపోయి నా ఆటో అరగంట కదలలేదు. దిగి సగం దూరం నడిచి, సగం పరుగెత్తి చేరుకునేసరికి పనివాళ్లు రాళ్లన్నీ తాడు కట్టకుండా, గుండ్రటి కర్రల మీద మెల్లగా జరిపి వాకిట్లోకి తెచ్చి లారీ టైర్ల మీద వరసగా నిలబెట్టారు. మేడం ఇంకా రాలేదు. రాళ్లన్నీ తడిగా మెరుస్తున్నాయి. ఉస్తాద్ చేతిలో చెంబుంది.

"భాయ్!" అన్నాను.

"కోపం జేయకు చెల్లె," అన్నాడు. "రాతిరంత ఆలోచించిన. చూడకుండ లేపుడు నాతోని గాదు. లోపల పగులుంటే, తాడు కట్టి గుంజినంక రెండు ముక్కలైతే, ఎవలకు జవాబు జెప్పాలె? అందుకే మెల్లగ చెంబుతోని పోసిన. చూడు, అన్ని ఎట్ల ఆరుతున్నయో! గీ ఒక్కదానికే రెండు గీతలున్నయ్."

వీరగల్లే. దాని పాదాల దగ్గర అడ్డంగా, నల్లదారంలా ఒక తడి గీత కనిపిస్తోంది. దాన్ని నేనెన్నడూ చూడలేదు. రెండో గీత ఎక్కడుందో నేను చూడక్కర్లేదు.

"గీ మీదిదే సమజైతలేదు," అన్నాడు ఉస్తాద్. "తెల్లగ పాలలెక్క కారుతున్నది. రాయికి పాలెక్కడివి?" అంటూ వీరుడి మోచేతి మీద వేలు పెట్టి మెల్లగా నొక్కాడు. కత్తి పట్టుకున్న చెయ్యి ఊడి అతని అరచేతిలో పడింది.

ఉస్తాద్ ఆ ముక్కనే చూస్తూ ఉన్న చోటే కూలబడ్డాడు. "యా అల్లా" అన్నాడు చిన్నగా. "నువ్వు వద్దని నెత్తి నోరు కొట్టుకొని చెప్పినవ్. నేను ఇనలే. నా చేతులనే పోయింది."

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, దేవుడు నా నెత్తి మీది బరువు తీసి ఈయన నెత్తి మీద పెట్టాడు కదా అని లోపల ఒక నీచమైన సంతోషం పుట్టింది. ఇక అతుకు బయటపడుతుందన్న భయం లేదు. కొత్త బిల్డింగు ఉద్యోగం నాదే. ఆ ఆలోచన నాకు వచ్చింది, దాచుకుని లాభం లేదు.

ఉస్తాద్ తలెత్తి, "నువ్వు పరేషాన్ గాకు చెల్లె. మేడమ్‌కు నేనే చెప్త. ఆమె నీళ్లు వద్దన్నది, నేనే మొండికి పోసిన అని చెప్త. నీ మీద మాట రానియ్య" అన్నాడు.

చెంప మీద కొడితే కూడా అంత మండదు.

మేడం వచ్చింది. ఉస్తాద్ లేచి, రెండు చేతుల్లో ఆ ముక్క పట్టుకుని ఆమె ముందు నిలబడి అంతా చెప్పాడు. నీళ్ల సంగతి, గీతల సంగతి, తన వేలి సంగతి. ఒక్క ముక్క కూడా తగ్గించలేదు. మేడం మొహం ఎర్రబడింది గానీ పెద్దాయన్ను చూసి గొంతు పెంచలేదు. "అందుకే కదా నీళ్లొద్దన్నాం" అని మాత్రం అంది. నేను పక్కనే బొమ్మలా నిలబడి ఉన్నాను. ఎవరో టీ తెచ్చారు. నేను టీ కూడా తాగాను చూడండి!

టీ తాగాక ఉస్తాద్ తన గడ్డపారను గోడకు ఆనించాడు. నెత్తి మీది రుమాలు తీసి మొహం తుడుచుకుని పనివాళ్లతో అన్నాడు, "మిగతాయి మీరే లేపుండ్రి. నేను ముట్ట. చెయ్యి వణుకుతున్నది. ఇగ నేను యార్డుకు గూడ రాను, సేటుకు చెప్పుండ్రి. పని అయిపోయింది నాది."

అతని కుడిచెయ్యి నిజంగానే వణుకుతోంది. అది చూశాక నా లోపల ఏదో తెగింది.

"ఆయన పగలగొట్టలే!" అని అరిచాను. అంత గట్టిగా అరుస్తానని నేనే అనుకోలేదు. "నేను పగలగొట్టిన! పదకొండేండ్ల కింద! నిచ్చెన పడేసిన! జిగురు పెట్టి అతికిచ్చిన! నీళ్లు పోస్తే ఊడుతదనే ఇన్నేండ్లు అందరి మీద ఒర్లిన!"

అని ఏడ్చాను. యాభై దాటిన ఆడమనిషిని, వాకిట్లో, నలుగురు పనివాళ్ల ముందు ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

ఉస్తాద్ నా మొహం చూశాడు. చేతిలో ముక్క చూశాడు. విరిగిన చోట వేలు పెట్టి రుద్దితే బంకగా అంటుకుంది. వాసన చూశాడు. అతని కళ్లలో భయం పోయి కోపం వచ్చింది. "అరే! మరి గంట సంది చూస్తున్నవ్ గదా నన్ను! నేను సచ్చినంత పనైతుంటే చాయ్ తాగుతున్నవ్ గదా!" అన్నాడు. నేను అవునన్నట్టు తలూపాను.

మేడం ఒక ఫారం తీసి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "పాత మరమ్మతులు" అనే గడి చూపించింది. "ఏం జిగురు? ఇంకేం కలిపారు? ఎప్పుడు? అన్నీ చెప్పండి" అంది. ముక్కు తుడుచుకుంటూ చెప్పాను. తెల్ల జిగురు. బండపొడి. టీ డికాక్షన్ అనగానే ఆమె పెన్ను ఆగింది. "పాలు పోసిందా, పోయనిదా?" అని అడిగింది. "పోయనిది" అన్నాను. పెదాలు బిగబట్టి రాసుకుంది గానీ చివరికి ఆపుకోలేక నవ్వేసింది.

"మీ అదృష్టం, ఈ రాయి అదృష్టం," అంది తర్వాత. "రెండు ట్యూబులు కలిపి పెట్టే గట్టి జిగురు వాడి ఉంటే రాయి పాడవకుండా తీయడం కష్టమయ్యేది. ఇది నీళ్లకు మెత్తబడుతుంది కాబట్టి శుభ్రంగా తుడిచి మళ్లీ సరిగ్గా అతికించొచ్చు." ఆ తర్వాత వంగి, రాయి పాదాల దగ్గరున్న నల్ల గీతను భూతద్దంతో చాలాసేపు చూసింది. లేచి ఉస్తాద్ వైపు తిరిగింది. "ఇది అసలైన పగులు. నీళ్లు పోయడం తప్పే, నేను మళ్లీ చెప్తున్నాను. కానీ దీన్ని నిలువుగా తాడు కట్టి ఎత్తాలనుకున్నాం. ఎత్తి ఉంటే రెండుగా విరిగేది."

ఉస్తాద్ రుమాలు విదిలించి మళ్లీ తలకు చుట్టుకున్నాడు. గోడకు ఆనించిన గడ్డపార తీసుకున్నాడు.

వీరగల్లును అతనే కదిలించాడు. చెక్కపెట్టె చేయించి, అడుగున ఇసుక సంచులు పరిచి, నా పాత చీరలు వేసి, ఎనిమిది చేతుల మీద పసిపాపలా వెల్లకిలా పడుకోబెట్టాడు. వాళ్ల పద్ధతిలో బండను పడుకోబెట్టరు, ఎప్పుడూ నిలువుగానే తీసుకుపోతారు. ఇది అతనికి కొత్త. అయినా ఒక్కసారి కూడా చెయ్యి వణకలేదు. ఆ రోజంతా నాతో మాత్రం మాట్లాడలేదు. నేను ఎదురుగానే ఉన్నా పనివాడి వైపు తిరిగి, "గామెకు చెప్పు, సంచి జరపమను" అనేవాడు. నేనూ పనివాడి వైపే తిరిగి, "జరిపిన అని చెప్పు" అనేదాన్ని. వ్యాను కొత్త బిల్డింగుకు నడక వేగంతో పోయింది. వెనక నేనూ ఉస్తాదూ చెరో పక్కన పెట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నాం. సగం దారిలో అతనే అన్నాడు, "చెల్లె, పాలు పొయ్యని చాయ్ పోస్తవా రాయికి!" అని. ఇద్దరం ఎంత నవ్వామంటే డ్రైవరు అద్దంలోంచి చూసి, ఏదో పగిలిందనుకుని బండి ఆపాడు.

కార్యదర్శి నన్ను తిట్టాల్సినంత తిట్టాడు. ఇన్‌చార్జి పని నాకివ్వలేదు. చదువుకున్న మనిషిని పెట్టారు, మంచిదే. మేడం మాత్రం వాదించి నన్ను తీసేయకుండా ఆపింది. కొత్త బిల్డింగులోనూ నేను అటెండర్‌నే. దుమ్ము దులుపుతాను, తాళాలు తీస్తాను. ఊడ్చే ఆమె బకెట్‌తో వస్తే అరవను, పక్కకు జరుగుతాను. రాళ్లు తుడిచే పద్ధతి ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. రాత్రి పడుకుంటే నిద్ర పడుతోంది.

వీరుడి చెయ్యి మళ్లీ పైకి లేచింది. మేడం దగ్గరుండి అతికించింది. నేను రంగు కలిపి గీత కనబడకుండా చేద్దామంటే ఒప్పుకోలేదు. దగ్గరికి వచ్చి చూస్తే మోచేతి మీద సన్నని గీత తెలియాలంది. తెలుస్తుంది.

శుక్రవారం నమాజు అయ్యాక ఉస్తాద్ అప్పుడప్పుడు వస్తాడు. ఒంటరిగా రాడు, ఎవరో ఒకర్ని వెంటబెట్టుకొస్తాడు. ఒకసారి తమ్ముడు, ఒకసారి యార్డు సేటు, ఒకసారి మంచిర్యాల నుంచి వచ్చిన వియ్యంకుడు. మిగతా గదులు చూపించడు. సూటిగా వీరగల్లు దగ్గరికే తీసుకుపోతాడు. మొన్న రంజాన్ అయ్యాక ఇంటామెనే తీసుకొచ్చాడు. ఆమె చేతిలో నాకోసం షీర్ ఖుర్మా డబ్బా ఉంది. ఉస్తాద్ ఆ సన్నని గీత మీదికి వేలు చూపించి, గది అంతా వినపడేలా అన్నాడు, "చూడు, గిది నేను పగలగొట్టలే. గామెను అడుగు."

ఆమె మొహమాటంగా నా వైపు చూసింది. నేను బ్రష్షు పక్కన పెట్టి దగ్గరికి పోయాను.

"అవునమ్మా, నేనే పగలగొట్టిన," అన్నాను.